వడ్ల మీద కప్పిన గ్యారంటీ

2023 వానాకాలం. సిద్దిపేటలో మా ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు పెట్టి అప్పటికి పదమూడేళ్ళు. పుట్టినరోజులు, దశదినకర్మలు, ఎన్నికలు, కొత్త షోరూములు... ఊళ్ళో ఎవరికేం జరిగినా ముందు తెలిసేది మాకే. పని విషయంలో నాకు కాస్త పొగరుంది, దాచుకోను. నేను వేసిన అక్షరం పోయే బస్సులో కూర్చున్నవాళ్ళకు కూడా కనబడాల్సిందే.

ఒకరోజు పొద్దున నలభై ఏళ్ళ ఒకామె చంకలో పెద్ద చుట్టతో షాపులోకి వచ్చింది. పేరు రేణుక, కోహెడ నుంచి వచ్చింది. చుట్ట విప్పితే వడ్లపొట్టు రాలింది. అది నేనేసిన ఫ్లెక్సే, మా దగ్గరి ఎలక్ట్రిక్ బండ్ల షోరూముది. 'బ్యాటరీకి మూడేళ్ళ గ్యారంటీ! పోతే కొత్తది ఫ్రీ!' అని ఎర్రటి అక్షరాలు.

"గిది మీరే వేసిన్రా అన్నా? మూలకు మీ షాపు పేరున్నది."

"నేనే అక్కా. ఏమైంది?"

ఆమె నైటీలు, లంగాలు బండి మీద పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతుంది. ఈ మాట నమ్మే బండి కొన్నది. తొమ్మిది నెలలకే బ్యాటరీ చచ్చింది. షోరూముకు పోతే, గ్యారంటీ ఆర్నెల్లే, మూడేళ్ళని మేమెప్పుడు చెప్పినమని పంపేశారు. ఆమె ఊరుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. అక్కడ షోరూము యజమాని, ఈ ఫ్లెక్స్ మాది కాదు, ఎవరైనా అచ్చేయించుకోవచ్చు అన్నాడు.

"మూట నెత్తిన పెట్టుకొని బస్సుల ఎన్నూర్లు తిరగాలె? నా గిరాకంత వేరేటోళ్ళకు పోతున్నది. మీరొచ్చి ఒక్క మాట చెప్పున్రి అన్నా" అంది. ఏడవడం లేదు, కోపంగా ఉంది.

"మరి గీ ఫ్లెక్స్ నీకెక్కడిదక్కా?"

"బండి కొన్ననాడు నేనే అడిగిన, వడ్ల మీద కప్పుకుంటనని. ఆయనే విప్పిచ్చిండు."

నాకు నవ్వాగలేదు. మా వైపు పాత ఫ్లెక్స్ ఎవరూ పారేయరు. వడ్ల కుప్ప మీదో, గొడ్ల కొట్టం మీదో కప్పుతారు. పాపం ఆ మహానుభావుడు సాక్ష్యాన్ని తన చేత్తోనే విప్పి ఇచ్చాడు!

కానీ ఆమె వెళ్ళాక నవ్వు పోయింది. మా పనిలో ప్రూఫ్ అని ఒకటి ఉంటుంది. అచ్చేసే ముందు గిరాకీకి వాట్సాప్‌లో పంపే నమూనా. నేను పంపిన మొదటి ప్రూఫ్‌లో కింద చిన్న అక్షరాల్లో 'ఆరు నెలల తర్వాత కంపెనీ షరతులు వర్తిస్తాయి' అని ఉంది. దానికి యజమాని వాయిస్ మెసేజ్ పెట్టాడు: "గా కింది లైను తీసెయ్ తమ్మీ. గది చూస్తే ఎవడు కొంటడు?" తీసేశాను. ఖాళీ అయిన జాగాలో పై అక్షరాలు ఇంకా పెద్దవి చేశాను. బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

కమిషన్‌లో ఆ ప్రూఫ్ చూపించి, ఫ్లెక్స్ నేనే వేశానని చెప్పాను. షోరూము వకీలు నా మీదికి లేచాడు.

"గా లైను తీసేస్తే కొనేటోళ్ళు మోసపోతరని నీకు తెలుసా, తెల్వదా?"

తెలియదంటే అమాయకుణ్ణి, యజమాని కూడా నా పక్కనే అమాయకుడైపోతాడు. తెలుసంటే నేనూ దొంగనే. రేణుక నా వైపే చూస్తోంది.

"తెలుసు సార్. తెలిసే తీసిన. ఆయనెందుకు తీయమన్నడో ఆయన మాటల్లనే వినున్రి" అని ఫోన్‌లో ఆ మెసేజ్ వినిపించాను.

వకీలు కూర్చున్నాడు. ఇంకోసారి ఇలాంటివి వేస్తే నీ సంగతి కూడా చూడాల్సొస్తుందని కమిషన్ వాళ్ళు నన్ను గట్టిగానే చీవాట్లు పెట్టారు. సిగ్గుతో తల వంచుకుని విన్నాను. కేసు మాత్రం రేణుక గెలిచింది. కొత్త బ్యాటరీ, నష్టపరిహారంతో పాటు, షోరూము ముందు అదే సైజు అక్షరాలతో సవరణ ప్రకటన కట్టాలని ఉత్తర్వు వచ్చింది. తప్పు చెప్పిన చోటే నిజం చెప్పించడమన్న మాట.

పాత డిజైన్ నా దగ్గరే ఉంది కనుక యజమాని తప్పక నా దగ్గరికే వచ్చాడు.

"అక్షరాలు జర చిన్నగ వెయ్ తమ్మీ."

"ఉత్తర్వుల పాత సైజే అని ఉన్నదన్నా. నా చేతుల ఏమున్నది?"

ఆ ఫ్లెక్స్ కట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. రేణుక వెనక సీటు మీద బట్టల మూటతో వచ్చి, బండి ఆపి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకే చదివింది.

"మంచిగ వేసినవన్నా" అంది. మెచ్చుకుందని సంతోషపడేలోపే, "గప్పుడే గిట్ల వేసుంటే నాకు గిన్ని తిప్పలు ఉండకపోతుండె గద" అని, మూట సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరైనా కింది లైను తీసెయ్యమంటే ముఖం మీదే తీయనంటాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనీ, షాపేం మూతపడలేదు.