ఏడో చెరువుకి జవాబు

“ఒకవేళ నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, ఆ సంగతి చెప్పే మెసేజ్ ఎవరూ చూడకపోతే?” బందరులో మా రొయ్యల కంపెనీ ఆఫీసులో రెబెకాకి రోజూ ఇదే భయం. కోడూరు చెరువుల కొలతలన్నీ ఆమె స్క్రీన్ మీదికే వస్తాయి. జడలో పెన్ను గుచ్చుకుని, చల్లారిన టీ తాగుతూ, పెదవులు కదుపుతూ ఒక్కో అంకె చదువుతుంది. మొన్న టీమ్ చాట్‌లో ఆమె కొత్త ఏర్పాటు చేసింది. పొద్దున్నే ఒక్కో చెరువు పేరుతో ఒక మెసేజ్ పడుతుంది. గట్టు మీద కాపలావాళ్లు కొలిచిన ఆక్సిజన్ అంకె నాలుగు కంటే తక్కువుంటే, దాని కింద జవాబుగా రాస్తే చాలు, ఆ చెరువులో నీళ్లు చిమ్మి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి. ఇంతకు ముందైతే గట్టు చివరి షెడ్డు దాకా పరిగెత్తి స్విచ్ వేయాలి.

మొదటి రోజే మబ్బు పట్టింది; ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. మధ్యాహ్నం కాపలా పున్నయ్య విడిగా మెసేజ్ పెట్టాడు: “నమస్తే అమ్మా, ఏడో చెరువు మూడు.” ఏరియేటర్లు కదల్లేదు. రెబెకా ఫోన్ చేసింది.

“మావయ్యా, నా మెసేజ్ కిందే రాయమన్నానుగా!”

“ఆఫీసరమ్మ మాట కింద జవాబు రాస్తే ఎదురు చెప్పినట్టుండదా?”

“ఎదురే చెప్పు మావయ్యా! రొయ్యలు పోతాయి!”

ఆయన రాశాడు. మరుక్షణం ఫోన్‌లో నీళ్లు చిమ్ముతున్న హోరు. “తిరిగాయే అమ్మాయ్! నేను అడుగు కూడా కదపలేదు!” అని పున్నయ్య కేక. రెబెకా లేచి చప్పట్లు కొట్టింది. గంటలో అంకె ఐదు దాటింది.

మా పాపకి ఒళ్లు వెచ్చబడితే చాలు వణికిపోయే నేను, రెబెకా నాకు చెప్పిందే ఇప్పుడు పాటిస్తున్నాను: “ఊరికే భయపడకండి. జ్వరం ఎంత దాటితే భయపడాలో రాసుకోండి, అప్పుడేం చేయాలో పక్కనే రాసుకోండి. అందాకా పాపతో ఆడుకోండి.”