గ్లౌజులు తొడుక్కునే నిమిషం

మిర్యాలగూడలో మా అత్తమ్మ వాళ్లింట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, నా భార్య సుజాత అన్నం ముందు నుంచి లేచింది. చేపల పులుసంటే తనకు ఇష్టం. "వాసనకే కడుపుల తిప్పుతుంది" అని వెళ్లి బయట మెట్ల మీద కూర్చుంది. వారం రోజులుగా నీరసంగా ఉందంటుంటే పండుగ బందోబస్తు అలసట అనుకున్నాం. ఆ రోజు ఎండలో చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి.

సుజాత కోదాడ వైపు ఒక స్టేషన్‌లో కానిస్టేబుల్. నేను సూర్యాపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని.

"పసిరికలు బిడ్డా. పసరు పోయిస్తే తగ్గుతయి. మీ మామకు గిట్లనే అయితే మూడు పూటలల్ల తగ్గింది" అని అత్తమ్మ పట్టుబట్టింది. నాకు పసరు మీద నమ్మకం లేదు. పెద్దామె మాట కాదనలేక ఊరుకున్నాను. అలా నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులకు బాధ్యుణ్ణి నేనే.

సూర్యాపేట దవాఖానలో రక్తం తీశారు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి పాజిటివ్. బిలిరుబిన్ పద్దెనిమిది, మామూలుగా ఒకటి చుట్టూ ఉండాలి. ఐఎన్ఆర్ పెరిగిందని, అంటే రక్తం గడ్డకట్టడం మందగించిందని డాక్టరమ్మ చెప్పింది.

"రెండు మూడు నెలల కింద ఎవరి రక్తమైనా తగిలిందా? ఏదైనా గాయం?"

సుజాత ఎక్కువసేపు ఆలోచించలేదు. కుడి అరచెయ్యి చూపింది. బొటనవేలి కింద సన్నటి గీత.

వానాకాలం నాట్లప్పుడు కోదాడ బైపాస్ మీద కూలీల ఆటో పల్టీ కొట్టింది. ముందుగా చేరుకున్నది సుజాత, హోంగార్డు వెంకన్న. పగిలిన అద్దం పక్క నుంచి ఒకామెను బయటికి లాగుతుంటే సుజాత అరచెయ్యి తెగింది. ఆమె రక్తం సుజాత మోచేతుల దాకా అంటింది. చేతికి రుమాలు చుట్టుకుని, ఆగిపోయిన బండ్లను పంపించి, సాయంత్రం ఇంటికి వచ్చాక చేతులు కడుక్కుంది.

"ఆ రోజే వచ్చి ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ సూది, వ్యాక్సిన్ ఇచ్చేవాళ్లం. చాలావరకు ఆపగలిగేవాళ్లం" అన్నది డాక్టరమ్మ. "మీకు గ్లౌజులు ఇవ్వరా?"

"జీపుల ఉంటయి మేడం."

అదే రోజు హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అక్కడి లివర్ వార్డులో, రెండో రోజు, అడగకూడని మాట అడిగాను. జీపులో ఉన్నవి ఎందుకు వేసుకోలేదని.

"మర్సిపోయినవా సారూ, ఆ వీడియో?" అన్నది. పెళ్లైనప్పటి నుంచీ నన్ను సారూ అని ఆటపట్టించేది.

మరిచిపోలేదు. అంతకు ముందు ఏడాది ఇంకో ప్రమాదం దగ్గర తను జీపు పక్కన నిలబడి గ్లౌజులు తొడుక్కుంటుంటే ఎవరో ఫోన్‌లో తీశారు. "మనిషి సస్తుంటే మేడం సోకులు జేస్తుంది సూడుండ్రి" అని అందులో ఒక గొంతు. అది కోదాడంతా తిరిగింది. ఎస్సై పిలిచి, "నీ తప్పేం లేదమ్మా. కానీ పేరు మనదే కదా పోయేది" అన్నాడు. చాలా రోజులు స్టేషన్‌లో తనను గ్లౌజుల మేడం అన్నారు.

"ఆటోల ఆమెకు కాలొక్కటే ఇరికింది" అన్నది సుజాత. "ఒక్క నిమిషం ఆగితే సచ్చేది కాదు. నాకు తెల్వదా? సుట్టూ ఫోన్లు లేసినయ్. రక్తానికి భయపడలే, జనానికి భయపడ్డ."

"తెగినంక చెప్పొచ్చు కదా?"

"గోరంత గాటు. గింతదానికి దవాఖానకా అని వెంకన్న నవ్వడా?"

ధైర్యం గురించి చాలా చదివాను, పిల్లలకు పాఠంగా చెప్పాను. పోలీసు తన ప్రాణాన్ని ఎదుటివాడి ప్రాణంతో తూచి చూసుకోవాలంటారు. ఆ రోజు తక్కెడ రెండో తట్టలో ఎవరి ప్రాణమూ లేదు. ఒక మాట పడాల్సి వస్తుందన్న భయం ఉంది. అదే బరువైంది.

ఐదో రోజు బిలిరుబిన్ కొద్దిగా తగ్గింది. జొన్నరొట్టె అడిగింది. "ఇగ పోదాం పా సారూ, లీవు ఖతమైతది." మర్నాడు పొద్దున నన్ను చూసి, "రోడ్డు మీద కోన్లు పెట్టు వెంకన్నా, బండ్లు ఆపు" అన్నది. నేను వెంకన్నను కాదని చెప్పాను. మళ్లీ అదే మాట అన్నది.

"ఎన్‌కెఫలోపతీ. మెదడు మీద పడింది. ఇక లివర్ ట్రాన్స్‌ప్లాంట్ ఒక్కటే దారి" అన్నాడు అక్కడి డాక్టరు. నా కాలేయంలో ముక్క ఇస్తానంటే నన్ను పరీక్షించి, కొవ్వు పట్టిన లివర్, పనికిరాదన్నారు. సుజాత తమ్ముడి రిపోర్టులు ఇంకా రాలేదు. పన్నెండో రోజు సుజాత పోయింది.

రెండు నెలల తర్వాత ఆటోలోని ఆమెను వెతుక్కుంటూ కోదాడ దగ్గరి అనంతగిరి వైపు ఒక ఊరికి పోయాను. పేరు లింగమ్మ. తప్పు పట్టడానికి పోలేదు. ఆమె, ఆమె ఇంట్లోవాళ్లు పరీక్ష చేయించుకోవాలని చెప్పడానికి పోయాను. వారం తర్వాత ఫోన్ చేసింది.

"నాకు ఉన్నదంట సారూ. మరి మేడంకు నా నుంచేనా?"

"కాదమ్మా" అన్నాను.

"ఆమె జర ఆగి గ్లౌజులు ఏసుకున్నా అయితుండె. నేను ఓర్సుకుందును" అన్నది.

సుజాత ఆస్పత్రిలో చేరిన వారంలో నాకు వ్యాక్సిన్ మొదలుపెట్టారు. మూడు డోసులూ అయ్యాయి. కాలేజీకి పోతున్నాను. పాఠం చెప్తున్నాను. కాలం మాన్పుతుందని కొందరన్నారు. ఇప్పటిదాకా మాన్పలేదు. స్టేషన్‌కు పోయి అందరికీ వ్యాక్సిన్ వేయించుకొమ్మని చెప్పి వచ్చాను. వెంకన్న మొదటి డోసు వేయించుకున్నాడు. రెండో డోసు నాటికి జాతర బందోబస్తు పడింది. మళ్లీ పోలేదు. ఈ రాత వల్ల ఏదైనా మారుతుందన్న ఆశ నాకు పెద్దగా లేదు.

అయినా ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక్కటి చెప్తాను. మీ గాటుకు వేరేవాళ్ల రక్తం తగిలితే సబ్బుతో, పారే నీళ్లలో కడగండి. డ్యూటీ దిగేదాకా ఆగకుండా దవాఖానకు పోయి హెపటైటిస్ బి సూదుల గురించి అడగండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.