పిండిడబ్బా వెనక కుచ్చుతోక

ఆ రోజు ఆఫీసు మీటింగుకు బయలుదేరుతూ బోనుల బాబాయ్ తొడుక్కున్న ఎడమ మేజోడులో ఒక ఎలుక ఉంది. తూకం సంచి చిరిగిపోవడంతో పొద్దున దాన్ని ఆ మేజోడులో వేసి తూచాడు. ఆనక ఆ సంగతే మరిచాడు. ఎలుకకేమీ కాలేదు. బొటనవేలికి మాత్రం కట్టు కట్టాల్సి వచ్చింది.

ఎండిపోయిన ఏటి ఇసుకలో రేకుబోనులు పెట్టడం, తెల్లారగానే తెరిచి చూడడం, చిక్కిన జీవాన్ని తూచి, కొలిచి, వీపు మీద రంగుచుక్క పెట్టి వదిలేయడం ఆయన ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా అదే పని. ఎలుక మొహం చూసి వయసు చెప్పగలడు. సొంత తోడల్లుణ్ణి మాత్రం "మీరెవరండీ?" అని రెండుసార్లు అడిగాడు.

ఆయన ధ్యాసంతా ఒక్కదాని మీదే. మూడేళ్ల కిందట తన పెరటి వెనక ఏటిగట్టున, తోక చివర కుచ్చున్న చిట్టెలుకను కళ్లారా చూశాడు. అలాంటిది ఈ ఏట్లో లేదని పుస్తకాల మాట. ఇప్పుడు ఏటి జీవాల జాబితా అచ్చుకు వెళుతోంది.

"చూశానంటే ఒప్పుకోరు బాబాయ్," అంది ఆఫీసరమ్మ. "ఒకసారి దొరికినా చాలదు. ఏ లారీ ఎక్కో వచ్చిందంటారు. చుక్క పెట్టి వదిలాక, అదే చోట మళ్లీ దొరకాలి. అదీ శుక్రవారం లోగా."

"మా ఆవిడకు పెళ్లిచూపులు కూడా ఒక్కసారే అయ్యాయమ్మా," అన్నాడాయన.

నలభై బోనుల్లో వేరుసెనగ ముద్ద పెట్టాడు. పడ్డవన్నీ పాత మొహాలే. ఒక ముసలి ఎలుకైతే తొమ్మిదోసారి దొరికి, తలుపు తీసినా పోకుండా తింటూ కూర్చుంది.

బుధవారం పొద్దున వంటింట్లోంచి భార్య కేక వినబడింది.

"ఏమండీ! ఏట్లో ఎలుకలన్నిటికీ బొట్లు పెట్టొచ్చారు సరే, మన పిండిడబ్బా వెనక ఉన్నదాన్ని ఎవరు పడతారు?"

బోను పెట్టాడు. గంటలో రేకుతలుపు టప్పున పడింది. సందులోంచి ముందు తోక బయటికొచ్చింది. చివర కుచ్చు!

బాబాయ్ ఊపిరి బిగబట్టి నేల మీద బోర్లా పడుకున్నాడు. మీసాలు ఒంటికన్నా పొడుగున్నట్టున్నాయి. ముందుకాళ్లతో మొహం తుడుచుకుంటోంది, ఫొటోకు తయారవుతున్నట్టు. వంటింటి త్రాసులో తూచాడు: పదమూడు గ్రాములు. ఎర్రచుక్క పెట్టాడు. బోను పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగాడు.

కాసేపటికి ఆవిడ వచ్చేసరికి బోను ఖాళీగా ఉంది. ఎర్రచుక్క ఒకటి డబ్బా వెనక్కి దూరిపోతోంది.

"పట్టినదాన్ని మళ్లీ నా వంటింట్లోనే వదిలారా?"

"ఎల్లుండి లోగా ఇక్కడే మళ్లీ దొరకాలి కదే!"