నాలుగు రాజులూ, మా ఆయన సలహా

పేకాటలో నాలుగు రాజులూ చేతికొచ్చి కూడా ఓడిపోయిన మనిషిని మీరు చూసుండరు. చూడాలనుంటే మా ఇంటికి రండి. కాఫీ ఇస్తాను. ఇడ్లీ మాత్రం అడగకండి.

మాది సూలూరు దగ్గర ఒక లేఅవుట్. అసోసియేషన్ వాళ్లు ఏటా ఒక ఆదివారం ఆటలు పెడతారు. ఎప్పుడూ కేరమ్, మ్యూజికల్ చెయిర్. ఈసారి సెక్రటరీ కొడుకు బెంగళూరు నుంచి వచ్చి పోకర్ టోర్నమెంట్ అన్నాడు. డబ్బుల్లేవు, ప్లాస్టిక్ బిళ్లలతోనే ఆట. సెక్రటరీకి పోకర్ అంటే ఏమిటో తెలియదు గాని, కొడుకు చెప్పాడు గనక అది చాలా తెలివైన ఆట అని మైకులో చెప్పాడు. గెలిచినవాళ్లకు కొత్త వెట్ గ్రైండర్.

నేను యూట్యూబ్ చూసి పోకర్ నేర్చుకున్నాను. నేర్చుకున్న ధైర్యంతో మా పాత గ్రైండర్‌ను కంబంలో ఉన్న మా ఆడబిడ్డకు పంపేశాను. ఆమె వద్దనలేదు. ఆమె ఏదీ వద్దనదు.

మీకొక సంగతి చెప్పాలి. మా తాతల తాతలెప్పుడో ఈ తమిళ సీమకు వచ్చేశారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కాబట్టి తెలుగు మాకు తల్లి భాషే గాక దొంగ భాష కూడా. చీరల కొట్లో బేరం కుదరకపోతే, బస్సులో ముందు సీటావిడ నగలు అసలువో కావో తేల్చాలంటే, గట్టిగానే తెలుగులో మాట్లాడుకుంటాం. ఎవరికి తెలుస్తుంది? లేఅవుట్‌లో మిగతా తెలుగిళ్లవాళ్లు ఎవరెవరో నాకు తెలుసు. వాళ్లంతా మొదటి రౌండులోనే ఓడిపోయి సాంబారు సాదం పొట్లాల దగ్గరికి పోయారు.

సాయంత్రానికి ఇద్దరం మిగిలాం. నేనూ, కొత్తగా కాపురం వచ్చిన ఏర్‌ఫోర్స్ సారూ. మీసాలు రెండు వైపులా స్కూటర్ హ్యాండిల్ లాగా ఉంటాయి. ఫోనులో హిందీ, మనుషులతో ఇంగ్లీషు. ఏర్‌ఫోర్స్ అంటే వడక్కత్తివాళ్లు, అంటే ఉత్తరాదివాళ్లు అని మా వీధి లెక్క. ఆ లెక్క వేసింది నేనే.

మా ఆయన నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పొద్దున్నుంచి ఇద్దరం తెలుగులో ఎవరినీ వదల్లేదు. ఏం మాట్లాడుతున్నారని సెక్రటరీ కొడుకు అడిగితే, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడుగుతున్నారని చెప్పాను. పాపం, ఆ పిల్లవాడు నీళ్లు తెచ్చిచ్చాడు.

అప్పుడు పడ్డాయి ముక్కలు. చేతిలో రెండు రాజులు. బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా తిప్పిన మూడింటిలో మళ్లీ రెండు రాజులు. నా గుండె గ్రైండర్ లాగా తిరిగింది. సారు దగ్గర నాకు రెండింతలు బిళ్లలున్నాయి. ఈ ఒక్క ఆటలో ఆయన్ని బాగా లాగితే గ్రైండర్ నాదైనట్టే.

"బిళ్లలు మొత్తం తోసెయ్" అన్నారు మా ఆయన. ఆయన జీవితంలో ఇచ్చే సలహా ఇదొక్కటే, దేనికైనా.

"సుమ్మా ఉండు మామా. నాలుగు రాజులూ నా దగ్గరే ఉండారు. మొత్తం తోస్తే మీసాలోడు పారిపోతాడు. కొంచెం పెట్టి ఏడుపు మొహం పెడతా. వాడే వచ్చి పడతాడు."

కొంచెం పెట్టాను. ఏడుపు మొహం కూడా పెట్టాను. మొహం బాగా కుదిరిందని మా ఆయన తర్వాత ఒప్పుకున్నారు. సారు నా వైపు చూసి, మీసం సవరించుకుని, ముక్కలు బోర్లా తోసేసి ఆట వదిలేశారు.

నాలుగు రాజులకూ నాకు దక్కినవి గుప్పెడు బిళ్లలు. ముందే మొత్తం తోసుండాలని మా ఆయన, నీ మొహం చూసినందుకే మీసాలోడికి అనుమానం వచ్చిందని నేను. ఈ పంచాయితీ కూడా తెలుగులోనే జరిగింది.

మళ్లీ ముక్కలు పంచారు. ఒక మూడు, ఒక ఎనిమిది. పనికిరాని చెత్త. నాకు కోపంతో పాటు తెలివి కూడా వచ్చింది. "ఏమీ లేదు మామా. వాడు పిరికోడు. ఇప్పుడు మొత్తం తోస్తా, చూడు ఎట్లా పరిగెత్తుతాడో" అని చెప్పి మొత్తం తోసేశాను.

సారు పరిగెత్తలేదు. "కాల్" అన్నారు, అంటే నేను పెట్టినంతా తనూ పెడతానని. నేను ఇంకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయన చేతిలో రెండు ఆరులు. బల్ల మీదికి మిగతా ముక్కలన్నీ వచ్చినా నాకొక జత కూడా పడలేదు. ఆ రెండు ఆరులే గెలిచాయి.

ఆయన లేచి నాకు దండం పెట్టారు.

"అక్కా, మాది కాకినాడ. మీ తెలుగు వింటుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. అందుకే మధ్యలో ఆపబుద్ధి కాలేదు. ఈ మీసాలు మా ఆవిడకి ఇష్టం."

వెనక్కి చూస్తే కుర్చీ ఖాళీ. మా ఆయన బండి స్టార్ట్ చేస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. నేను మెల్లగా, ఎప్పటినుంచి వింటున్నారని అడిగాను. పొద్దున్నుంచే అన్నారు.

"అయితే సెక్రటరీ విగ్గు సంగతి కూడానా?"

"అది విగ్గా అక్కా? ఆ మాట మాత్రం నాకు వినపళ్లేదు."

వాళ్లావిడ మంచిది. పిండికి మా ఇంటికే రండి వదినా అంది. ఇప్పుడు నానబెట్టిన బియ్యం, మినప్పప్పు మోసుకుని మేమిద్దరం వాళ్లింటికి పోతాం. గ్రైండర్ తిరిగినంతసేపూ హాల్లో కూర్చోవాలి. ఆ ఇంటి కర్టెన్ల రంగు గురించి మా ఆయనతో నాకు చెప్పాల్సింది చాలా ఉంది. తెలుగులో అంటే వాళ్లకి తెలుస్తుంది. తమిళంలో అంటే పనావిడకి తెలుస్తుంది, ఆమెకి తెలిస్తే లేఅవుట్‌కంతా తెలుస్తుంది. ఇంగ్లీషులో అంటే మా ఆయనకే తెలియదు.

పెళ్లయ్యాక మొదటిసారి నేను నోరు మూసుకుని కూర్చుంటున్నాను. ఇడ్లీలు చాలా మెత్తగా వస్తున్నాయని మా ఆయన అంటున్నారు.