వల ఆటకు సున్నా మార్కులు

పులికాట్ ఒడ్డున మా ఊళ్ళో ఒక ప్రైవేటు నర్సరీ బడి ఉంది. బడి అంటే రేకుల షెడ్డు, పద్నాలుగు మంది పిల్లలు, ఒక ఆయా, నేను. కిందటేడు కృష్ణపట్నంలో పోర్టు ఉద్యోగుల పిల్లలు చదివే బడిలో టీచరు పోస్టు పడింది. చిన్నపిల్లల బోధన మీద ఆన్‌లైన్ కోర్సు చేసి, నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపిస్తే ఉద్యోగం నాదే అన్నారు.

కోర్సులో చేరగానే ఒక ఫారం వచ్చింది. ఐదేళ్ళలో మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? "ఫ్యాను కింద" అని రాశాను. కనీసం ఇరవై పదాలు కావాలంది. మే నెలలో మా షెడ్డులో పాఠం చెప్పినవాళ్ళకి ఫ్యాను గురించి ఇరవై పదాలు ఒక లెక్క కాదు.

పాఠాలన్నిటి సారం ఒకటే: పిల్లలు ఆడుతూ నేర్చుకోవాలి, టీచరు పక్కకు తప్పుకోవాలి. పక్కకు తప్పుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది. చివరి పరీక్షకు ఆట వీడియో పంపమంటే మా పిల్లల వల ఆట తీశాను. నా చున్నీయే వల. సగం మంది లాగుతారు, సగం మంది చేపలు. నాలుగేళ్ళ పాప ఒకతె నిలబడి, వాళ్ళ నాయన రోజూ చేసినట్టే, పడ్డవాటిని ఏరుతుంది.

"నువ్వు జెల్లవి, ఈ పక్కకి రా. నువ్వు పీతవి, తట్టలో కూర్చో. నువ్వింకా పిల్లవి, మళ్ళీ నీళ్ళల్లోకి పో."

"నేను పెద్దయినాను మే," అన్నాడు నీళ్ళల్లోకి పోవాల్సినవాడు.

"రేపు రా, చూస్తాను."

వారానికి జవాబొచ్చింది. గోల ఎక్కువ. బోధన సామగ్రి లేదు. టీచరు కనబడలేదు. సున్నా. ఇంకొక్కసారి పంపవచ్చు.

"ఏమ్మే, ఆడించమన్నది వాళ్ళే గదా?" అంది ఆయా.

"గోల లేకుండా ఆడించమంటున్నారు పెద్దమ్మా."

"గోల లేకుండా ఉండేవి ఎండు చేపలే."

నెల్లూరు నుంచి ప్లాస్టిక్ పళ్ళు తెప్పించాను. రంగుల ప్రకారం బుట్టల్లో వేయించాలి. పాప ఆపిల్ తీసుకుంది. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసినట్టు, దాని ఆకును గోటితో ఎత్తి లోపల చూసింది. వాసన కూడా చూసింది.

"ఇది యాడిదక్కా? లోపల ఎరుపు లేదు. పాతది."

ఏ కోర్సూ చెప్పని పరీక్ష చేసింది. కానీ ఫోనులో వీడియో తిరుగుతోంది, నెలాఖరుకు రెండు రోజులుంది.

"చేతులు కట్టుకో. నోటి మీద వేలు పెట్టుకో. చెప్పినప్పుడే తియ్యి," అన్నాను.

అలాగే చేసింది. వందకు తొంభై రెండు వచ్చాయి. ఆటల ద్వారా బోధనలో నిపుణురాలినని బంగారు అంచుతో సర్టిఫికెట్ పంపారు.

వెళ్ళిపోయే రోజు చున్నీ తీసి, వల ఆడదాం రమ్మన్నాను. పాప నా రెండో చేతిలో ఫోను చూసింది. చేతులు కట్టుకుని, నోటి మీద వేలు పెట్టుకుని కూర్చుంది. మిగతా పదముగ్గురూ దాన్ని చూసి కూర్చున్నారు.

"బాగా నేర్పినావు మే," అంది ఆయా.

ఇక్కడ కృష్ణపట్నం బడిలో నా తల మీద మూడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.