గొర్రెలు, వాన, ఒక రఫ్ నోట్సు

గిద్దలూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. నాకంటే నా కోపం ముందు క్లాసులోకి వస్తుందని పిల్లలు చెప్పుకుంటారు. అబద్ధమేం కాదు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో, "మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకోండి. నెలరోజులు చూడండి, చూసింది రాయండి" అన్నాను. మర్నాటికి సగం మంది గైడులోని అగ్నిపర్వతాన్ని పట్టుకొచ్చారు. ఒక్క అమ్మాయి మాత్రం వాళ్ళ తాత మాటను పట్టుకొచ్చింది. తాతకు గొర్రెల మంద ఉంది. గొర్రెలు మేత మాని గుంపు కడితే ఆ రోజు వాన ఖాయమని ఆయన చెబుతాడు, ఊరు నమ్ముతుంది. "అది నిజమేనా మేడం?" అని అడిగింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

రోజూ బడి వదలగానే ఆమె మంద దగ్గరికి పోయేది. నెల తర్వాత నోట్సు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అట్ట వేసి, మార్జిన్ కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. గొర్రెలు తొమ్మిదిసార్లు గుంపు కట్టాయట, తొమ్మిదిసార్లూ వాన పడిందట. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ ఊరు మా ఇంటికి కూతవేటు దూరం. ఆ నెలంతా మా మిద్దె మీద మామిడి ఒరుగులు ఆరబోశాను. వానకు భయపడి వాటిని లోపలికి తెచ్చింది రెండుసార్లే.

"ఎవర్ని మోసం చేద్దామని?" అని అందరి ముందూ అరిచాను.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "రఫ్ నోట్సులో తప్పులొచ్చినాయి మేడం. వాన రానివన్నీ తప్పులే కదా, దిద్దినాను. ఫెయిర్ నోట్సులో తప్పులుంటే చించి మళ్ళా రాయమంటారు మీరు" అంది.

ఆరో తరగతి నుంచీ ఈ పిల్ల చేత ఎన్ని పేజీలు చింపించి రాయించానో. చాలా సిగ్గేసింది. రఫ్ నోట్సు ఎక్కడుందని అడిగితే, "మా అవ్వ పొయ్యి రాజేసేదానికి పెట్టుకునింది" అంది. నెలరోజులు ఆమె చూసిందంతా అందులోనే ఉంది. సాయంత్రం బడి వదలగానే ఆమెను స్కూటీ ఎక్కించుకుని వాళ్ళ ఊరికి పోయాను.

అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నోట్సు కట్టెల పక్కనే ఉంది. వెనక అట్ట మాత్రం పోయింది. అంతలో తాత మందను తోలుకొచ్చి, నన్ను చూసి గాభరా పడ్డాడు.

"ఏందమ్మా, మా పాప ఏమన్నా తప్పు చేసినాదా?"

"తప్పు నాదే పెద్దయ్యా" అని, ఆ నోట్సు పైకి చదవమని పిల్లకు చెప్పాను. ఆమె తల దించుకుని చదివింది. గుంపు కట్టినాయి, వాన రాలేదు. గుంపు కట్టినాయి, వాన రాలేదు. తాత ముఖం చూడ్డానికి ఆమెకు భయం. నాకూ భయమే. ఊరంతా నమ్మే పెద్దాయన మాట అది.

తాత తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "నిజమే రాసినావు పాపా. గొర్రెలు గుంపు కట్టినప్పుడల్లా వాన పడింటే, మన దిక్కున ఈ కరువెందుకుంటాది?"

ఆ ముత్యాల అక్షరాల ఫెయిర్ నోట్సును నా సంచీలోంచి తీసి, నేనే చించి అవ్వ పొయ్యిలో పెట్టాను.

బడిలో సైన్సు ప్రదర్శన రోజున, చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆ నలిగిన రఫ్ నోట్సును రెండు వేళ్ళతో ఎత్తి, "దీన్ని ఫెయిర్ చెయ్యలేదా పాపా?" అని అడిగాడు.

"చేసినాను సార్" అంది ఆమె, తల ఎత్తి. "మా మేడం చించేసినారు."