అభ్యంతరం ఉందని రాసిన సారు

గుడివాడ కాలేజీలో నాకు వాలీబాల్ నేర్పిన సారు పోయారు. మంగళవారం పొద్దున గిలకలదిండి రేవులో బోటుకి ఐసు ఎక్కిస్తుంటే పాత టీము వాడొకడు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయారట.

"ఆయన చప్పుడు చెయ్యకుండా చేసిన పని ఇదొక్కటేరా" అన్నాను. అవతల వాడు ఏడుస్తూనే నవ్వాడు.

సారు చొక్కా జేబులో పెన్ను ఒకటి, దాని పక్కనే బంతిలో గాలి నింపే సూది ఒకటి ఉండేవి. హాజరు పట్టీలో సూదితో సంతకం పెట్టబోయి, కాగితానికి చిల్లు పడ్డాక "సిరా అయిపోయిందిరా" అని మా మీద అరిచేవారు. బంతికి గుచ్చేముందు సూదిని నాలిక మీద తడిపేవారు. "టిఫినయిందా సార్?" అని అడిగేవాళ్ళం. గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించేవారు. అయినా మర్నాడు మళ్ళీ అడిగేవాళ్ళం.

తప్పు ఆడి తల వేలాడేస్తే ఒకటే మాట: "బంతి గాల్లో ఉండగా బాధపడకురా. కింద పడ్డాక తీరిగ్గా పడుదువు గాని."

ఆ కాలేజీలో నాకు సీటూ, హాస్టలూ ఆట వల్లే వచ్చాయి. కొట్టేవాడికి బంతి పైకి ఎత్తి అందించేది నేనే. రెండో ఏడు మొదట్లో మా నాన్నకి బోటు మీద కాలు విరిగింది. ఇల్లు గడవాలంటే తెల్లవారుజామున నేను ఐసు ఫ్యాక్టరీలో ఉండాలి. అంటే మా బందరు కాలేజీకి మారిపోవాలి.

మారడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పాత కాలేజీ ఆట సారు అభ్యంతరం లేదని రాయాలి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి. కొత్త కాలేజీ వాళ్ళు సీటుందనాలి. యూనివర్సిటీ వాళ్ళు అన్నీ చూసి సరేననాలి. అప్పుడు గాని టీసీ కదలదు. యూనివర్సిటీ ముద్ర పడితే గాని ఆ ఏటి ఆటగాళ్ళ జాబితాలో పేరెక్కదు. జాబితా శుక్రవారంతో మూసేస్తారు. ఆట పోతే నేను చదువూ మానేసేవాణ్ణి, అందులో అనుమానం లేదు. ఈ పద్ధతి పెట్టినవాడెవడో గాని, జన్మలో ఒక్కసారి కూడా బస్సులో నిలబడి ప్రయాణం చేసి ఉండడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సంగతి చెప్పాక సారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కాగితం కవర్లో పెట్టి అంటించి నా చేతికిచ్చారు. "పో. ఎడమ పక్కకొచ్చిన బంతి ఎత్తడం నీకింకా రాదని బందరోళ్ళకి చెప్పు."

గురువారం బందరులోని యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా కవరు చింపి చదివి, కళ్ళజోడు తీశాడు.

"ఏం బాబూ, ఎగతాళా?"

కాగితంలో ఇలా ఉంది: "ఈ కుర్రవాడు వెళ్ళడానికి నాకు చాలా అభ్యంతరం ఉంది. వీడు లేకపోతే మా టీము మునుగుతుంది. అయితే వీడి ఇంట్లో కష్టం నిజం. కాబట్టి పంపుతున్నాను." కింద ప్రిన్సిపాల్ సంతకం కూడా ఉంది. ఆయన చదవకుండానే పెట్టేశారు మరి.

"పంపుతున్నానని రాశారు కదండీ!"

"అభ్యంతరం లేదంటేనే పంపినట్టు. ఉందంటే పంపనట్టే. కొత్తది తెచ్చుకో. రేపు నాలుగింటి దాకా ఉంటాను."

బయటికొచ్చి సారుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టల్లా అరిచాను. అంతా విన్నారు.

"అబద్ధం రాయమంటావేరా?"

"రాయండి సార్! ఒక్కటి రాస్తే ఏం పోయింది?"

"రేపొస్తా" అని పెట్టేశారు.

శుక్రవారం మూడున్నర దాటాక వచ్చారు. పామర్రులో బస్సు ఆగిపోతే ఊక లారీ ఎక్కారట. నెత్తి నిండా, కనుబొమల నిండా ఊక. ప్రిన్సిపాల్ చేత ముందే సంతకం పెట్టించుకొచ్చిన తెల్లకాగితం బల్ల మీద పరిచి, జేబులోంచి సూది తీశారు. గుమస్తా తన పెన్ను అందించాడు.

అభ్యంతరం లేదని రాసి, కాగితాన్ని ముందుకు తోసి, "ఇది అబద్ధమండీ. మీరే సాక్షి" అన్నారు సారు.

"నేను కాగితాన్నే చదువుతానండీ మాస్టారూ, మిమ్మల్ని కాదు" అంటూ గుమస్తా నవ్వి ముద్ర కొట్టాడు.

మొదటి కాగితం చింపబోతే సారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఉంచుకోరా. నేను నీకు రాసింది అదే." అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ ఏడు బందరు తరఫున గుడివాడ మీద ఆడాను. సారు అవతల గీత పక్కన నిలబడి "వాడికి ఎడమ పక్క రాదు, అటే కొట్టండిరా!" అని ఊరంతా వినేలా అరిచారు. అటే కొట్టారు. ఓడిపోయాం. ఆట అయ్యాక దగ్గరికొచ్చి "సిగ్గులేదూ? ఆదివారం రా, నేర్పుతా" అన్నారు. వేరే కాలేజీ వాణ్ణి, ఏడాది పొడుగునా ఆదివారాలు వెళ్ళి నేర్చుకున్నాను. మూడో ఏడు మళ్ళీ అటే కొట్టారు. గెలిచాం. సారు తన టీము పిల్లల్ని తిడుతూనే నాకు కన్ను కొట్టారు.

సారు పోయిన పదకొండో రోజు సాయంత్రం రెండు కాలేజీల పాతవాళ్ళం గుడివాడ గ్రౌండులో కలిశాం. బంతిలో గాలి తక్కువైంది. సారు భార్య కూడా వచ్చారు. అమ్మగారు ఆయన జేబులో ఉండే సూది తీసిచ్చారు. పంపు పట్టుకున్నవాడు అలవాటుగా నాలిక చాపాడు. "టిఫినయిందా సార్?" అని అందరం ఒక్కసారే అరిచాం. అమ్మగారు కూడా నవ్వారు.

ఆడటం మొదలెట్టాం. లెక్క ఎవరూ రాయలేదు. బలంగా కొట్టేవాళ్ళు కూడా మెల్లిగా తోస్తున్నారు. నాకు ఎడమ పక్కకొచ్చింది, ఎత్తాను. అవతల పడిపోబోతుంటే ఒకడు మోకాళ్ళు చెక్కుకుపోయేలా దూకి లేపాడు. మసక చీకటి పడింది. బంతి కనబడటం మానేసింది. అయినా ఎవరూ ఆపలేదు. చేతికి తగిలిన చప్పుడు విని, అది ఎటొస్తోందో పోల్చుకుంటూ, తలలు పైకెత్తి నిలబడ్డాం.